మూడో మజిలీ

ఎన్నిసార్లు నొక్కినా కంప్యూటర్ తెర మీద మూడో వరసలో నక్షత్రం గుర్తులే వస్తున్నాయి. అతను కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి మళ్లీ చూశాడు. ఆఫీసు రూటర్ నుంచి బయలుదేరిన సమాచారపు ప్యాకెట్లు ఏయే నెట్‌వర్క్ పెట్టెల మీదుగా పోతున్నాయో ఆరా తీయడమే ఏళ్లుగా అతని ఉద్యోగం. అడిగితే దారిలోని ప్రతి పెట్టే తన చిరునామా చెప్పాలి. మొదటి రెండూ చెప్పాయి. కింది అంతస్తు తీగల గదిలోని మూడోది నోరు మెదపలేదు. నిన్నటిదాకా బాగానే పలికేది.

పలకనివాళ్లంటే అతనికి పడదు. ఆఫీసులో అతని పేరే ‘సీఐడీ’. పొద్దున భార్య కూడా దెప్పింది.

“పెరట్లోకి వెళ్లొచ్చినా ఏ దారిన వెళ్లావంటారేంటండీ! రోజూ దండం పెడతారే, దేవుడెప్పుడైనా పలికాడా? ఆయన్నీ అనుమానిస్తారా?”

మేనేజరు మాత్రం అనుమానించమనే చెప్పాడు. “ఎవడో మధ్యలో చేరి మన సమాచారం చూస్తున్నాడు. సాయంత్రానికి వాడెవడో తేలాలి.”

తీగల గది తాళాలు ఉండేది ఒక్కడి దగ్గరే. భార్య తమ్ముడు. తనే బతిమాలి పనిలో పెట్టించినవాడు.

కిందికి దిగాడు. బావమరిది టార్చిని పళ్ల మధ్య కరుచుకుని, మోకాళ్ల మీద కూర్చుని తీగలు కడుతున్నాడు.

“నిన్న ఈ పెట్టె ముట్టుకున్నావా?”

టార్చి చేతిలోకి తీసుకున్నాడు. “ఎలక కొరికిన తీగ మార్చాను బావా.”

“అంతేనా? ఇంకేం చేయలేదూ?”

“ఇంకెవరైనా అడిగితే నవ్వేసేవాణ్ణి. నువ్వు అడుగుతున్నావా బావా?”

ఆపైన ఎంత గుచ్చి అడిగినా పలకలేదు. ఆ మౌనమే అతనికి చాలింది. పైకి వెళ్లి మేనేజరుకు బావమరిది పేరు చెప్పేశాడు.

సాయంత్రం మేనేజరు పిలుపు వస్తే బావమరిది చేతిలో పనిని ఉన్నదున్నట్టు వదిలి వచ్చాడు. తాళాలు బల్ల మీద పెట్టాడు. “అక్కని అడిగానని చెప్పు,” అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

వివరంగా రాసివ్వాలి కదా అని అతను మూడో పెట్టెకున్న ఆజ్ఞలన్నీ తెరిచాడు. అన్నిటికన్నా పైన ఒకటుంది: ఎవరడిగినా జవాబివ్వకు. పక్కన నిన్నటి తేదీ, తన పేరు. బయటి దొంగల భయంతో గేటు దగ్గరి పెట్టెకు పెట్టబోయిన ఆజ్ఞ అది. తొందరలో దీనికి పెట్టేశాడు.

దాన్ని చెరిపి మళ్లీ ఆరా తీశాడు. మూడో పెట్టె వెంటనే పలికింది.

ఒక్క పరుగున కిందికి వెళ్లాడు. గదిలో ఎవరూ లేరు. సగం కట్టిన తీగల పక్కన, పంటిగాట్లు పడిన టార్చి ఇంకా వెలుగుతూనే ఉంది.