మూడోసారి గృహప్రవేశం

కొత్తింట్లో పాలు ఒక్కసారే పొంగాలి. ఏలూరులో ఈ విషయంలో మతభేదం లేదు. ఆబిదా లాంటి అయిదుపూటల నమాజీ మనిషి కూడా ఫాతెహా చదివించి, పక్కనే పొయ్యి మీద పాలగిన్నె పెట్టిస్తుంది. అలాంటిది ఆవిడ చిన్నకోడలు తబస్సుమ్ ఒకే ఇంట్లో ముచ్చటగా మూడోసారి పాలు పొంగించడానికి బయలుదేరింది.

"నేను రాను," అంది ఆబిదా గుమ్మంలోంచే. "పొంగిన పాలు మళ్లీ పొంగిస్తే బర్కత్ పోతుంది, ఇల్లు కలిసిరాదు. ఆ ఇళ్లిచ్చే ట్రస్టు వాళ్లకి లేకపోతే మనకైనా ఉండాలి సిగ్గు."

"అమ్మీ, ఈసారి తాళంచెవి చేతికివ్వడం ఖాయమన్నారు," అన్నాడు అయాజ్, బండి స్టార్ట్ చేస్తూ.

"పోయినసారీ అదే అన్నారు!"

తబస్సుమ్‌కు పెళ్లయి నాలుగు నెలలు. బీకాం చదివిన పిల్ల. అయాజ్ ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేస్తాడు. అత్తగారింట్లో ఉన్నది ఒకటిన్నర గది. గదిలో బావగారి కుటుంబం, అరగదిలో అత్తమామలు సర్దుకోగా కొత్త దంపతులకు డాబా మీద రేకులపంచ మిగిలింది. తబస్సుమ్‌కు అదీ ముద్దుగానే ఉండేది. వాన పడితే రేకుల చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినపడక, ఇద్దరూ చేతులూపుకుంటూ సైగలు చేసుకుని, పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్లు. అయితే కింది నుంచి తోటికోడలు గొంతు వినపడేది: "నవ్వులు చాలించండమ్మా, పిల్లలు పడుకోవాలి!" ఆ మాట వినపడగానే తబస్సుమ్ చెంపలు వేడెక్కేవి. గట్టిగా నవ్వుకోవడానికి ఒక తలుపు కావాలి. ఆమె కోరిక అంతే.

మనగూడు ట్రస్టు వాళ్లు భీమడోలు వైపు హైవే పక్కన చిన్న సంసారాలకు చౌకలో ఇళ్లు కట్టిస్తున్నారని తెలిసి అయాజ్ దరఖాస్తు పెట్టాడు. వీళ్ల వాటా కట్టారు. మిగతాది దాతలు ఇస్తారట.

మొదటిసారి వచ్చిన దాతలు గూడెం రైసుమిల్లుల వాళ్లు. ఇంటికి నీలం తలుపు, వంటగట్టు, తూర్పు కిటికీ. వంటగట్టు తన నడుము ఎత్తుకు సరిగ్గా సరిపోయిందని తబస్సుమ్ మోచేతులు ఆనించి మరీ చూసుకుంది. పాలు పొంగి స్టవ్ మీద పడగానే నిజంగా ఏడ్చేసింది. మిల్లుల వాళ్లు చప్పట్లు కొట్టారు. ఎర్ర రిబ్బను కట్టిన తాళంచెవి ఆమె చేతిలో పెట్టారు. కార్లు వెళ్లిపోయాక ట్రస్టు కోఆర్డినేటర్ ప్రసాదరావు మెత్తగా దగ్గి, "ఒక్కసారి ఆ తాళం ఇలా ఇవ్వండమ్మా. మీటరు రావాలి కదండీ," అన్నాడు.

రెండోసారి వచ్చింది ఏదో కాలేజీ పూర్వ విద్యార్థులు. గుమ్మం పక్కన దాతల పేరుపలక మారింది. పాత మరల చిల్లుల మీదే కొత్త పలక బిగించారు. తబస్సుమ్‌కు ఏడుపు రాలేదు. "మేడమ్, కొంచెం ఎమోషన్," అన్నాడు ఫోటోగ్రాఫర్. ఆమె ఏడ్చింది. అడగ్గానే నీళ్లు తిప్పుకున్న తన కళ్ల మీద తనకే రోత పుట్టి, ఆ రోజంతా అయాజ్ ముఖం చూడలేకపోయింది.

ఇప్పుడు మూడోసారి. బండి మీద వెనక కూర్చుని పాలప్యాకెట్టు ఒళ్లో పెట్టుకుంది.

"ఏడుపు ప్రాక్టీసు చేశారా మేడమ్?" అన్నాడు అయాజ్.

"నిన్ను చేసుకున్నాక దానికి ప్రాక్టీసెందుకు?" అని వీపు మీద ఒక్కటేసింది. ఆ మాటకు ఇద్దరూ నవ్వుకున్నారు. దారి పొడుగునా వరిచేల మీద తెల్ల కొంగలు లేచి వాలుతుంటే ఆమె అయాజ్ భుజం తట్టి ప్రతిదాన్నీ చూపించింది. ఆ పూటకు సంతోషం అక్కడితో సరి.

గుమ్మం దగ్గరకు రాగానే ఆమె అడుగు ఆగిపోయింది. మొదటిసారి ఆబిదా తలుపు మీద అంటించిన బిస్మిల్లా స్టిక్కర్ లేదు. ఎవరో గోటితో గీకేసినట్టు జిగురు మరక మిగిలింది. గడపకు పసుపు, దాని మీద కుంకుమ బొట్లు. పూసి ఎన్నాళ్లో కాలేదు.

"ఎవరు పూశారండీ ఇది?" అని అడిగింది.

ప్రసాదరావు కంగారు పడలేదు. ఆయన ఎప్పుడూ కంగారు పడడు. "శుభ్రం చేసే ఆవిడ పూసుంటుందమ్మా. మంచిదే కదండీ. గెస్టులు కొంచెం లేటండీ. లోపల డెకరేషన్ నడుస్తోంది, మీరు వెనక వరసలో కాసేపు కూర్చోండి. ఏమీ అనుకోకండమ్మా."

వెనక వరస అంటే ఇటుకగోడలు. ముందు వరసకైనా రోడ్డు వైపే రంగు. నీలం తలుపు ఇల్లు ఒక్కటి తప్ప మిగతా వాటికి లోపల గచ్చు కూడా లేదు. కుక్కలు పడుకుంటున్నాయి. తబస్సుమ్ ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని ఒక గదిలోకి తొంగిచూసింది. సిమెంటు బస్తాల మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ముతక పట్టుచీర, తల్లో బంతిపువ్వు, ఒళ్లో మూత పెట్టిన పాలచెంబు.

"కూర్చో అమ్మాయ్," అంది ఆవిడ జరిగి. "మీకూ ఇల్లిచ్చారా? ఏ ఇల్లు?"

"ముందు నీలం తలుపుదండీ."

ఆవిడ నవ్వింది. "అది కాదులే, అది మాది. పోయిన నెల పాలు పొంగించాను. గడపకి పసుపు చూళ్లేదూ? మళ్లీ ఓసారి రమ్మన్నారు, ఫోటోలు సరిగ్గా రాలేదంట."

ఆవిడ పేరు వెంకటనరసమ్మ. కొల్లేరు లంకల్లో పాక. ముసురు పట్టిందంటే మోకాలి లోతు నీళ్లలో మంచం మీద పొయ్యి పెట్టుకుని వండుకుంటుంది. "ఈ ఏడు కప్పు కూడా మార్పించలేదమ్మా. ఇల్లొచ్చేస్తుంటే తాటాకు దండగ కదా. వాన చుక్క బయటపడట్లేదనుకో, అంతా నా నెత్తి మీదే!" అని తనే పకపకా నవ్వింది.

తబస్సుమ్‌కు నవ్వు రాలేదు. లేచి బయటికొచ్చి, అయాజ్‌నీ ప్రసాదరావునీ ఒకచోటే పట్టుకుంది.

"ఒక ఇల్లు ఎంతమందికిచ్చారండీ?"

ప్రసాదరావు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "చూడండమ్మా, మీరు చదువుకున్నవాళ్లు, అర్థం చేసుకుంటారు. పూర్తయిన ఇల్లు చూపిస్తేనే డబ్బు వస్తుంది. డబ్బు వస్తేనే మిగతావి పూర్తవుతాయి. మంచిపనికే కదండీ. ఆవిడకేమీ చెప్పకండి. ఈ పూట గడిపేయండి, ఆ ఇల్లు నిజంగానే మీకు రాయిస్తాను. పూచీ నాది."

"మరి ఆవిడకి?"

"వెనక వరసలో చూద్దామండీ."

ఎప్పుడూ జోకులేసే అయాజ్ చెప్పుతో మట్టి గీకుతూ నిలబడ్డాడు. అతనికీ ఆ ఇల్లు కావాలి. ఆ మట్టి గీకడంలోనే తెలుస్తోంది. తబస్సుమ్‌కూ కావాలి. ప్రసాదరావు మాట విన్న ఒక్క క్షణం ఆమెకు తూర్పు కిటికీ, దానికి కట్టబోయే పసుపు పూల తెర కళ్ల ముందు కదిలాయి. అలా కదిలినందుకు ఒళ్లు జలదరించింది.

కార్లు వచ్చేశాయి. హైదరాబాదు కంపెనీ వాళ్లు. ముందు దిగిన మేడమ్ చేనేత చీరలో చల్లగా ఉంది. దండలు పడ్డాయి. ఆ బంతిదండలు ఎన్ని మెడలు తిరిగాయో, అంచులు నల్లబడి ఉన్నాయి. రూమ్ ఫ్రెషనర్ ఘాటుకు వంటగది మొత్తం ఆస్పత్రి బాత్‌రూమ్‌లా కొడుతోంది.

"లబ్ధిదారు ఎవరు?" అని అడిగింది మేడమ్.

తబస్సుమ్ పరుగున వెనక్కి వెళ్లి వెంకటనరసమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. పాలచెంబుతో సహా.

"మేడమ్, ఈ ఇల్లు నాకిచ్చారు. ఈవిడకీ ఇచ్చారు. నేను ఇక్కడ రెండుసార్లు పాలు పొంగించాను, ఈవిడ ఒకసారి. తాళం ఇద్దరికీ లేదు."

వెంకటనరసమ్మ మెల్లగా తల తిప్పి తబస్సుమ్ వంక చూసింది. ఆవిడకు ఆ సంగతి తెలిసింది అప్పుడే.

"అదేనండీ మా ఆలోచన," అన్నాడు ప్రసాదరావు, పాకం లాంటి గొంతుతో. "పొరుగుతనం. ఒక హిందూ అక్క, ఒక ముస్లిం చెల్లి ఒకే పొయ్యి మీద పాలు పొంగిస్తారు. ఇల్లే కాదండీ, ఊరిని కడుతున్నాం."

"బ్యూటిఫుల్!" అంది మేడమ్. ఆ మాట అనే ముందు ఆవిడ కళ్లు తబస్సుమ్ కళ్లతో కలిశాయి. అంతా అర్థమైన కళ్లు. తర్వాత అవి వాచీ వైపు తిరిగాయి. "మాకు ఏలూరులో ట్రైన్ ఉంది. వీడియో ఒక్కటి అయిపోతే చాలు."

ఇద్దరి చేతులూ కలిపి గిన్నె పట్టించారు. ఇద్దరి పాలూ ఒకే గిన్నెలో పోశారు. ఒకరి బొట్టూ, ఇంకొకరి చున్నీ ఫ్రేములో బాగా కనపడేలా భుజాలు పట్టి తిప్పారు. స్టవ్ వెలిగింది. పాలు కాగడం లేదు. అందరూ ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు.

"లేటవుతోంది సార్," అని ఫోటోగ్రాఫర్ జేబులోంచి షాంపూ ప్యాకెట్టు తీసి, పళ్లతో చింపి, పాలల్లో పిండాడు. గరిటెతో గిరగిరా తిప్పాడు. "ఇప్పుడు చూడండి, నురగ ఎలా లేస్తుందో."

తెల్లటి బుడగలు గిన్నె అంచుకు ఎక్కాయి. మల్లెపూల షాంపూ వాసన, వేడెక్కుతున్న పాల వాసన కలిసి గదంతా కమ్మేశాయి.

"పాలల్లో సబ్బా?" అంది వెంకటనరసమ్మ. "ఓరి మీ దుంప తెగ! చంటిపిల్లలు తాగే పాలల్లో సబ్బేస్తార్రా? చూసే మీకైనా కళ్లు లేవా?"

తబస్సుమ్ స్టవ్ కట్టేసింది. నురగ చప్పున దిగిపోయింది. "అయ్యో, కట్! కట్!" అని ఫోటోగ్రాఫర్ అరిచాడు. ఆమె గిన్నె ఎత్తి పెరటి గుమ్మంలోంచి బయటికి కుమ్మరించింది. వేడి నురగ చేతుల మీద కూడా పడింది. ఒక కుక్క వచ్చి వాసన చూసి వెనక్కి పోయింది.

ఈ గలాభాలో ఫోటో కోసం పళ్లెంలో పెట్టిన తాళంచెవిని వెంకటనరసమ్మ రిబ్బనుతో సహా తీసుకుని బొడ్లో దోపుకుంది. ముందుగది మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"నేను లేవను. ఇంటికి పోతే అక్కడ కప్పు లేదు. లాగుతారా, లాగండి. ఫోటోలు తీసుకోండి."

మేడమ్ ట్రైనుకు టైమైంది. కార్లు వెళ్లిపోయాయి. ప్రసాదరావు చెమట తుడుచుకుంటూ తబస్సుమ్ దగ్గరకొచ్చాడు. అండీలు ఒక్కటీ తగ్గలేదు.

"మీరు నచ్చచెప్పండమ్మా. మీ మాట వింటుందండీ ఆవిడ. లేచి వెళ్లిపోతే తాళం ఇప్పుడే మీ చేతికి. కాగితం కూడా ఇక్కడే రాసిస్తాను. అయాజ్ గారూ, మీరైనా చెప్పండి."

అయాజ్ భార్య వైపు చూశాడు. "నీ ఇష్టం తబ్బూ," అన్నాడు. అని, తూర్పు కిటికీ వైపు ఒక్కసారి చూశాడు.

తబస్సుమ్ వెళ్లి పెద్దావిడ ముందు గొంతుక్కూర్చుంది. ఆవిడ బొడ్డు మీంచి చెయ్యి తీయలేదు. తబస్సుమ్ వైపు చూసే చూపులో నమ్మకం లేదు. ఈ పిల్ల కూడా వాళ్ల మనిషేనేమో అన్నట్టుంది. అనుకోవడంలో తప్పేముంది? ఆ గిన్నె పట్టుకున్న నాలుగు చేతుల్లో రెండు తనవే.

"పిన్నిగారూ," అంది తబస్సుమ్. "లోపలి గడియ గట్టిగానే ఉంది. మేం వెళ్లగానే వేసుకోండి. రేపు పొద్దున్న వస్తాం. తినడానికి తెస్తాను."

"ఏంటమ్మా మీరు!" అన్నాడు ప్రసాదరావు. "ఇల్లు పోగొట్టుకుంటున్నారండీ!"

ఆమె లేచి బయటికి నడిచింది. ఆయన చెయ్యి గుమ్మం మీద ఉంటే, అయాజ్ వెళ్లి ఆ చేతిని పట్టుకుని, "రండి సార్, రండి, మీకూ ట్రైన్ ఉందేమో," అంటూ బయటికి నడిపించాడు. ముగ్గురూ మెట్లు దిగాక వెనక గడియ పడిన చప్పుడు వినిపించింది.

హైవే పక్కన చేతిపంపు ఉంది. షాంపూ నురగకి తబస్సుమ్ చేతులు జారుతున్నాయి. అయాజ్ బండి ఆపి పంపు కొట్టాడు. ఆమె కడిగింది. వాసన పోలేదు. మట్టి తీసుకుని రుద్ది మళ్లీ కడిగింది.

"రేపు టిఫిన్ ఇచ్చేసి, అటునుంచి అటే అద్దెగది చూద్దామా?" అన్నాడు అయాజ్. "చిన్నదైనా తలుపున్నది."

"చూద్దాం," అంది ఆమె. "ముందు ఇంకాస్త కొట్టు."

అతను కొట్టాడు. ఆమె మోచేతుల దాకా కడుక్కుంటూ ఉండిపోయింది.