నెత్తుటిలోని నూలుపోగు

వర్షములు వెనుకంజవేసి శరత్కాలము ప్రవేశించినను ఆ రేవుపట్టణమున నాకాశము మాత్రమే తేటపడెను. ఉప్పుటేటి బురదనుండి లేచు ధూమధూసరమైన యావిరి ప్రాతఃకాలమున వీథులవెంటఁ బ్రాఁకి తలుపులు మూసిన యిండ్ల ముంగిళ్ళ నిలిచియుండెను. తగ్గినదని తలఁచినంతనే మరలివచ్చు నొక జ్వరము పేటపేటయుఁ దిరుగుచుండుటచే బండ్లు లేవు, సంత లేదు, పలుకరించు మనుష్యుఁడు లేఁడు.

ఆ జ్వరమునకు మూలము రోగి నెత్తుట నీఁదులాడు మెలికలు తిరిగిన నూలుపోగువంటి సూక్ష్మజీవి. అది యున్నవారినెల్ల జ్వరరోగుల నుంచు నూరివెలుపలి పాకకుఁ బంపు నధికారము వైద్యుఁడైన విశ్వపతికిఁ గలదు. ఆతఁడు కిటికీకడ సూక్ష్మదర్శినిని నిలిపి, క్రింది యద్దముచే సూర్యకాంతిని మీఁదికి మరల్చి, గాజుపలకపై నుంచిన రక్తబిందువును బరీక్షించుచుండెను. బిందువు చెంతనున్న కటకము దానిఁ బెంచును; కంటికడనున్న కటకము పెంచినదానినే మరలఁ బెంచును. అప్పుడు కానరాని రక్తకణములు లేఁత యెఱ్ఱని బిళ్ళలై గుంపులు గుంపులుగాఁ బొడసూపును.

ఆతని యింటికి నీళ్ళు మోయు నీలమ్మ రక్తమున నాతఁ డొకనాఁ డా పోగును జూచెను.

“బాబుగారూ, నాకు ఒళ్ళయినా వెచ్చబడలేదండి. ఇంకోపాలి చూడండి బాబూ,” అని యామె చేతులు జోడించెను.

“చూచినది చాలును,” అని విశ్వపతి యామె నూరివెలుపలి పాకకుఁ బంపించెను.

కొలఁది దినములకు ఆతని భార్య హైమవతి తల నొచ్చుచున్నదనెను. ఆమె వ్రేలినుండి తీసిన బిందువునను బోగు కానవచ్చెను. నీలమ్మ యెడల నొక్కసారికే తృప్తిపడిన యా మహానుభావుఁడు భార్య యెడల మరల మరలఁ జూచెను. పలక నొకింత కుడికి జరిపెను. ఆ యంత్రమున బింబము తలక్రిందు గావునఁ గణములన్నియు నెడమకుఁ బోయెను. పోగు వానితోఁ బోలేదు. కంటికటకమును ద్రిప్పెను, పోగు తిరుగలేదు. పలకనే తీసివైచెను. నెత్తురు లేని యా తెల్లని వెలుఁగువలయమున నది తీఱికగా నీఁదుచునే యుండెను.

ఆతఁడు తల యెత్తెను. ఎదుటి సున్నపుగోడపై నదియే. భార్య నుదుటిపై నదియే.

“ఏమండీ, అలా చూస్తున్నారేం? నాకూ పాకేనా?” అని హైమవతి బెదరుచు నడిగెను.

“కాదు. అది నీ నెత్తుట లేదు. నా కంట నున్నది,” అని విశ్వపతి పలికెను.

వెంటనే బండి కట్టించి నీలమ్మను దెప్పించెను. జ్వరపీడితుల నడుమ, వారి దుప్పట్లలోనే, ఒంటినుండి యొంటికిఁ బ్రాఁకి జ్వరమును మోయు పేలతో నామె యన్నినాళ్ళు పరుండినది. బండి దిగునప్పటికే యామె కన్నులు మండుచుండెను. నీలమ్మ రక్తబిందువును బలకపై నుంచి, తన చూపును నమ్మఁజాలక యాతఁడు భార్యను యంత్రముకడఁ గూర్చుండఁబెట్టెను.

“ఏమి కనఁబడుచున్నది?”

“ఎర్రటి బిళ్ళలు...” అని హైమవతి కన్ను మఱింత యానించెను. “వాటిమధ్య సన్నగా మెలికలు తిరుగుతున్నాయండీ. ఒకటి కాదు. బిళ్ళల్ని తోసుకుంటూ పోతున్నాయి.”

“ఇప్పుడైనా సరిగ్గా చూశారా బాబూ?” అని నీలమ్మ గోడకుఁ జేరగిలి యడిగెను.

విశ్వపతి భార్యను లేపి తానే వంగి కటకమునకుఁ గన్ను చేర్చెను. వెలుఁగువలయము నిండఁ బోగులు కదలుచుండెను. వానిలోఁ దన కంటిది యేదియో, నీలమ్మ నెత్తుటిది యేదియో యాతనికిఁ దెలియలేదు.