ఏప్రిల్‌లో దించిన ఫోటో

వజ్రమ్మ నా గడపలో కూర్చుని, కొంగు ముడి విప్పి, నాలుగు మడతల కాగితం తీసి నా చేతిలో పెట్టింది.

"నా తోట లేదట సారూ. ఎటు వోయిందో జర సదివి జెప్పు."

చదివాను. లాల్‌గడి మలక్‌పేట్ శివారులో ఆమె పేరిట ఉన్న మూడెకరాల లావణి పట్టా భూమి ఉపగ్రహ చిత్రం ప్రకారం సాగులో లేదు. సర్కారు ఇచ్చిన భూమిని పడావు పెడితే వెనక్కి తీసుకునే హక్కు సర్కారుకుంది. పరిశ్రమల స్థలాల కోసం దాన్ని ఎందుకు తీసుకోకూడదో మూడు నెలల్లో చెప్పుకోవాలి. ఇదీ నోటీసు.

"పొద్దుగాల గూడ నీళ్లు గట్టొచ్చిన," అంది. "పడావు భూమికి ఎవలన్న నీళ్లు గడ్తరా?"

అది 2003 జూన్. ఆమె ద్రాక్షతోట నాకు పద్నాలుగేళ్లుగా తెలుసు. భర్త పోయాక కూడా ఆమె ఒక్క ఏడాది దాన్ని ఎండనివ్వలేదు.

నేను ఉద్యోగం చేసిన రోజుల్లో ఉపగ్రహాలు సర్కారువి. ఒకటి నేలను చూసేది, ఒకటి మబ్బులను చూసేది. నేలను చూసేది పంపే చిత్రంలో రంగులుంటాయి గానీ పేర్లుండవు. ఈ చుక్క వరా, ద్రాక్షా, సర్కారు తుమ్మా అని నేల మీదికి పోయి చూసి రావడానికి ఒక మనిషి కావాలి. మేడ్చల్, శామీర్‌పేట మండలాలకు ఆ మనిషిని నేను. డిగ్రీలో చదివిన భూగోళశాస్త్రం కన్నా నా లూనా బండి ఎక్కువ పనికొచ్చింది. మబ్బుల ఉపగ్రహం ఏం చెప్పిందో ఫోనులో కనుక్కుని, రోజూ సాయంత్రం శామీర్‌పేట బస్టాపు దగ్గర నల్లబోర్డు మీద సుద్దతో రాసేవాణ్ణి. వాన వస్తుందని ఒక రోజు ముందు తెలిస్తే ద్రాక్ష రైతు మందు కొట్టుకుంటాడు, పండిన గుత్తులు కోసుకుంటాడు.

నేను రిటైరైన ఏడాదే రెండు ఉపగ్రహాలనూ ఒక ప్రైవేటు కంపెనీకి ముప్పై ఏళ్లకు అప్పగించారు. ఖర్చు తగ్గుతుందన్నారు. మొదట తగ్గిన ఖర్చు నా పోస్టు. నా స్థానంలో ఎవరినీ వేయలేదు. తర్వాత తగ్గింది సుద్దముక్క. పింఛను తీసుకుంటూ కూడా బోర్డు రాస్తూనే ఉన్నాను గానీ, మబ్బుల సమాచారం కంపెనీ సరుకు, బహిరంగంగా రాయరాదని ఉత్తరం వచ్చింది.

"మబ్బు గూడ గాళ్లదేనా సారూ?" అని వజ్రమ్మ అప్పట్లో అడిగింది.

"మబ్బు కాదు వజ్రమ్మా, మబ్బు ఫోటో."

"మరి వాన?"

నేను బోర్డు తుడిచేశాను.

నోటీసు కింద చిత్రం తేదీ ఉంది. ఏప్రిల్ 19. అది చూడగానే నాకు తోట ఎటు పోయిందో తెలిసింది. మార్చిలో కాయ కోత అయిపోతుంది. ఏప్రిల్‌లో ద్రాక్ష కొమ్మలన్నీ కత్తిరిస్తారు. రాతి కడీలు, ఇనుప తీగలు, చేతికర్రల్లాంటి మోడులు మిగులుతాయి. పై నుంచి చూస్తే ఉత్త ఎర్రమట్టి. మే నెలాఖరుకల్లా మళ్లీ పందిరి నిండా ఆకు. ఈ సంగతి ఇక్కడ బడి పిల్లలకు తెలుసు. ఆమె మూడెకరాలు ఆ చిత్రంలో ఇరవై రెండు చుక్కలు. ఇరవై రెండూ పడావు.

"క్షవరం జేసుకున్ననాడు ఫోటో దించి, నెత్తి మీద ఎంటికలే లేవంటే ఎట్ల సారూ?" అంది వజ్రమ్మ, సంగతి అర్థమయ్యాక.

ఇంత సులువైన తప్పు ఒక పూటలో సరిపోతుందనుకుని, మర్నాడు ఆమెను వెంటబెట్టుకుని, పరిశ్రమలకు స్థలాలు వెతకడానికి కొత్తగా పెట్టిన ఆఫీసుకు వెళ్లాను. అధికారి మర్యాదగానే కూర్చోబెట్టాడు. పాపం, కళ్లు ఎర్రగా ఉన్నాయి. బల్ల మీద అలాంటి నోటీసులే నలభై దాకా ఉన్నాయి.

"తోట ఉంది సార్. జీపులో పది నిమిషాలు. వచ్చి చూడండి," అన్నాను.

"ఇప్పుడు చూస్తే ఏం తెలుస్తుంది? నోటీసు అందాక నాటి ఉండొచ్చు కదా."

"నోటీసు వచ్చి పదిహేను రోజులే. అంతలో ద్రాక్ష మొదలు నా మణికట్టంత లావవుతుందా?"

"అది నాకు తెలియదండీ. నేను వ్యవసాయం చదవలేదు. నా కళ్లతో చూసింది నా సొంత అభిప్రాయం అవుతుంది. మ్యాపు రికార్డు. మ్యాపు తప్పయితే కంపెనీ చెప్పాలి."

"మీరు కంపెనీకి ఒక ముక్క రాయండి."

"మేం మ్యాపు కొన్నాం. తప్పులు అడిగే షరతు ఒప్పందంలో లేదు."

బయటికొచ్చాక వజ్రమ్మ అడిగింది: "గా సారుకు కండ్లు కనవడయా?"

"కనబడతాయి. నమ్మడానికి వీల్లేదట."

కంపెనీ సికింద్రాబాద్‌లో ఒక అద్దాల మేడలో ఉంది. మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి, ఫిర్యాదు కొనుగోలుదారు నుంచే తీసుకుంటామన్నారు. కొనుగోలుదారు ఎవరు? ఆ ఆఫీసు. రెండోసారి, పోయిన జనవరి చిత్రం ఇమ్మని అడిగాను. జనవరిలో తోటలు నిండు ఆకుతో, కాయతో ఉంటాయి. పక్కన పెట్టి చూపిస్తే అయిపోయేది. విడి మనుషులకు చిత్రాలు అమ్మం, సంస్థ పేరిట దరఖాస్తు చేయండి, కనీసం పాతిక చిత్రాలు కొనాలి అన్నారు. ఆ చిత్రాలకు వరస నంబర్లు వేసే పద్ధతి పెట్టింది నేనే. గోడ అవతల బీరువాలో ఏ అరలో ఉంటుందో కళ్లు మూసుకుని చెప్పగలను. కౌంటరులోని కుర్రవాడికి ఆ మాట చెప్పాను. "చాలా సంతోషం సార్" అని నెక్స్ట్ అన్నాడు.

మూడోసారి మెట్ల దగ్గర నిలబడి ఉంటే ఎవరో నా చేతిలో సంచీ తీసుకున్నారు. లింగం. మా పాత ఆఫీసులో అటెండరు. ఇప్పుడు ఇక్కడ వాచ్‌మన్. డ్రెస్సు మారింది, మనిషి మారలేదు.

"ఎండల గిట్ల నిలవడ్డరేంది సార్? గా కౌంటరోళ్లతోని ఏం గాదు. ముందుగాల కూసోండ్రి, చాయ తాగుండ్రి."

తన కుర్చీ నాకిచ్చి తను నిలబడ్డాడు. రెండు నెలల్లో ఆ మేడలో నాకు దొరికిన మొదటి కుర్చీ అదే. చాయ అయ్యాక వెనక మెట్ల నుంచి మూడో అంతస్తుకు తీసుకుపోయాడు. అక్కడ కంప్యూటర్ ముందు స్రవంతి అనే అమ్మాయి ఉంది. గాజులరామారం నుంచి రెండు బస్సులు మారి వస్తుందట. మా రెండు మండలాలకు రంగులు వేసింది ఆ పిల్లే.

విషయం చెప్పాను. తెర మీద ఎర్రమట్టి చుక్కల్ని పెద్దవి చేసి చూసింది.

"ద్రాక్షకు కొమ్మలు కత్తిరిస్తారని నాకు తెలీదు సార్. నేను ద్రాక్షతోట చూడనే లేదు. ఎవరూ తీసుకెళ్లలేదు."

నాకు రావలసిన కోపం రాలేదు. తప్పు ఆమెది కాదు.

"ఫీల్డు నుంచి ఫారం వస్తే మార్చొచ్చు సార్. కానీ ఫీల్డు మనిషి పోస్టు ఖాళీ. రిటైరైన వాళ్లను రోజు లెక్కన పెట్టుకోవచ్చని రూలుంది. మీరు..."

అలా నేను రెండేళ్లుగా తిట్టుకుంటున్న కంపెనీకి మనిషినయ్యాను. ఇచ్చిన ఫారం నేను ఎనభై తొమ్మిదిలో తయారుచేసిందే. పైన కంపెనీ గుర్తు కొత్తది. "రైతు సంతకం" అనే గడి తీసేశారు. మండలానికి పది పాయింట్లే, అంటే చూసొచ్చిన పది చోట్లే, రాయాలట.

"నలభై తోటలున్నాయమ్మా."

"పది దాటితే కంప్యూటర్ తీసుకోదు సార్. పర్లేదు, ఒక రంగుకు మీరు పేరు చెప్తే ఆ రంగున్న చుక్కలన్నిటికీ అదే పేరు పెడుతుంది."

"అదే నా భయం," అన్నాను. "ఏప్రిల్ చిత్రంలో కత్తిరించిన తోటదీ, ఖాళీ నేలదీ ఒకటే రంగు."

"రిమార్కుల్లో రాయండి సార్."

మర్నాడు లూనా తీశాను. నా భార్య జయమ్మ ఉన్నప్పుడు ఫీల్డుకు పోయే రోజు పెరుగన్నం కట్టేది. ఆరేళ్లుగా ఆ డబ్బా అటక మీదే ఉంది. ఆ రోజు దించి, కడిగి, నేనే కట్టుకున్నాను. ఉప్పు వేయడం మరిచిపోయాను.

వజ్రమ్మ తోటలో పందిరి కింద నీడ చిక్కగా ఉంది. కంపెనీ ఇచ్చిన జీపీఎస్ పెట్టె పట్టుకుని, అంకెలు కుదురుకునే దాకా కదలకుండా నిలబడ్డాను.

"దాన్ని జూస్తవేంది సారూ? తోటను జూడు!"

"తోట ఎక్కడుందో ఇది చెప్పాలి వజ్రమ్మా."

"గింత చెట్టు కింద నిలవడి, చెట్టు యాడున్నదని డబ్బను అడుగుతున్నవా? ఇంతకుముందు గిట్ల లేకుంటివి."

గట్టు మీద బుల్లెట్ బండి ఆగింది. ప్రతాప్. ఆ ఊరి పాత పటేళ్ల ఇంటి మనిషి. తోటలు తీసేసి, ఇప్పుడు ప్లాట్లు చేస్తున్నాడు. పక్కనే ఎనిమిదెకరాల్లో సున్నం పూసిన హద్దురాళ్లు వరసగా పాతి ఉన్నాయి.

"ఎందుకు సారు గీ ఎండల పరేషాన్? పైనుంచి జూసిండ్రు గద. ఆకాశం అబద్ధం జెప్తదా?" అన్నాడు. "అవ్వా, సర్కారు ఇచ్చింది, సర్కారు తీసుకుంటాంది. నేనేమన్న జేస్తనా?"

"నువ్వేం జేస్తవు పటేలా, ఎండల బండి మీద తిరుగుతవు," అంది వజ్రమ్మ. "నీడకు రారాదు, నా పడావు భూమిల మస్తు సల్లగున్నది."

పది పాయింట్లు రాశాను. ఆరు ద్రాక్షతోటలు. నాలుగు నిజంగా ఖాళీ నేలలు. అందులో ఒకటి ప్రతాప్ ప్లాట్లు: "హద్దురాళ్లు మాత్రమే, పంట లేదు." రిమార్కుల్లో, ఏప్రిల్ చిత్రం ఒక్కదానితో ఈ రెండూ విడదీయలేం, జనవరిది కూడా కలిపి చూడాలి అని వివరంగా రాశాను. కంప్యూటర్‌కు రిమార్కుల గడి లేదని ఆ తర్వాత తెలిసింది.

మూడు నెలల గడువుకు రెండు రోజుల ముందు కొత్త మ్యాపు వచ్చింది. నోటీసులన్నీ రద్దు. వజ్రమ్మ తోట మ్యాపులోకి తిరిగొచ్చింది. మిగతా తోటలూ వచ్చాయి. మండలంలో ఉన్న ప్రతి ఖాళీ స్థలమూ ద్రాక్షతోట అయింది.

"ఒకే రంగుకు రెండు పేర్లొస్తే ఎక్కువ పాయింట్లున్న పేరు పెడుతుంది సార్," అంది స్రవంతి ఫోనులో, బాధగా. "ఆరు, నాలుగు. ద్రాక్ష గెలిచింది."

వారం తిరక్కుండా ప్రతాప్ మా ఇంటి ముందు బండి ఆపాడు. ఈసారి కళ్లద్దాలు తీసి లోపలికొచ్చాడు.

"ఏంది సారు గిది? నా లేఅవుట్‌ల ద్రాక్షతోట ఉన్నదట! తోట భూమిల ప్లాట్లకు పర్మిషన్ ఇయ్యరట. ఒక్క తీగ గూడ లేదు సారు, అచ్చి చూడుమంటే, కండ్లతోని జూసింది నడ్వదంటడు గా ఆఫీసరు!"

"నాకు తెలుసు," అన్నాను. మంచినీళ్లిచ్చాను. తాగాడు.

"మీరొక సంతకం పెట్టుండ్రి. తోట లేదు, ఖాళీ జాగ అని. నిజమే గద అది?"

నిజమే. నా ఉద్యోగమంతా అలాంటి నిజాల మీద సంతకాలు పెట్టడమే. కానీ అతని నేల ఖాళీ అనిపించాలంటే, ఉన్న పది పాయింట్లలోనే ద్రాక్షవి రెండు తీసి ఖాళీ నేలలకు కలపాలి: నాలుగు, ఆరు. ప్రతాప్ నేల ఖాళీ అవుతుంది. దానితోపాటు వజ్రమ్మ ఇరవై రెండు చుక్కలూ మళ్లీ పడావు అవుతాయి. ఒక నిజం రాస్తే ఇంకో నిజం చచ్చే ఏర్పాటు చేసి, దానికి పొదుపు అని పేరు పెట్టారు.

"పెట్టను," అన్నాను.

ప్రతాప్ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. "ముసలామె కోసమేనా?"

"నీ కోసం కూడా. జనవరి ఫోటో ఉంది. అందులో ఆమె తోట ఆకుతో ఉంటుంది, నీ ప్లాట్లు ఎర్రగా ఉంటాయి. రెండు ఫోటోలు కలిపి చూస్తే ఇద్దరిదీ నిజమే తేలుతుంది. అలా చేస్తేనే సంతకం. నేను అడిగితే ఇవ్వలేదు. పాతిక కొనేవాళ్లకే ఇస్తారట."

"గంతేనా?" అన్నాడు ప్రతాప్.

నేను రెండు నెలలు బస్సుల్లో తిరిగిన పని అతనికి తొమ్మిది రోజులు పట్టింది. పాతిక చిత్రాలూ కొంటాననగానే అతన్ని లిఫ్టులో పైకి తీసుకుపోయి, చల్లని నీళ్లిచ్చి కూర్చోబెట్టారట. నేను ఆ భవనంలో లిఫ్టు ఉందని అప్పుడే విన్నాను.

రెండు చిత్రాలూ కలిపి చూసి, ఆమె తోటను తోటగా, అతని ప్లాట్లను ఖాళీగా చూపిన కొత్త మ్యాపు నకలు తీసుకుని తోటకు వెళ్లేసరికి ప్రతాప్ అప్పటికే గట్టు మీద ఉన్నాడు. వజ్రమ్మకు ఆమె ఇరవై రెండు చుక్కలు చూపించాను. ఆమె వాటిని వేలితో తడిమి చూసింది.

"అయితే ఆకాశం మల్ల నిజం జెప్తాందా పటేలా?"

"జెప్పించిన అవ్వా," అన్నాడు ప్రతాప్, నవ్వాలో వద్దో తెలియక.

"ఇంకొన్ని దినాలు ఆగకపోతివా? నీ రాళ్లకు కాసిన ద్రాక్షపండ్లు మేం గూడ తిందుము."

ఆమె మా ఇద్దరికీ చెరో చెంబెడు సల్ల పోసింది. ఉప్పు సరిగ్గా ఉంది. తాగుతూ, ఆ ఉదయం స్రవంతి చెప్పిన మాట చెప్పక తప్పలేదు. మ్యాపు ఏటా మారుస్తారు. వచ్చే చిత్రం కూడా ఏప్రిల్‌లోనే. అప్పుడు మబ్బులుండవు, చిత్రాలు చవక.

వజ్రమ్మ చెంబు కింద పెట్టింది.

"అంటే, ఏప్రిల్‌ల కత్తెర పట్టే ముందు నేను గాళ్లకు ఖబర్ జేయాల్నా?"

"వాళ్లు నీ మాట వినరు వజ్రమ్మా. నా మాటా వినరు." గట్టు వైపు చూపించాను. "ప్రతాప్ నంబరు రాయించుకో."

ప్రతాప్ ఇంకో చెంబు సల్ల అడిగాడు. ఆమె పోస్తూనే నంబరు చెప్పమంది.