వెనక చక్రానికి కట్టిన బెల్టు

కంకిపాడులో ఎరువుల కొట్టు నడిపే వెంకటప్పయ్య పాత జీపు ముందు చక్రాల గేరు మీద ఈడ్చుకుంటూ బెజవాడ ఆటోనగర్ చేరింది. ఇంజను తిరుగుతోంది, కిందున్న పొడుగు షాఫ్టూ తిరుగుతోంది, వెనక చక్రాలకు మాత్రం చలనం లేదు. చల్లపల్లి రోడ్డులో బస్తాలతో అలా నిలబడిపోయిన రోజే వెంకటప్పయ్య డ్రైవరు శౌరయ్యను కంకిపాడు సెంటర్లో, పదిమంది ముందు, "తాగి గోతుల్లో దూకించావురా" అని కడిగేశాడు. శౌరయ్య తాళం చెవి బానెట్ మీద పెట్టి వెళ్లిపోయాడు.

మెకానిక్ జీవరత్నం వెనక యాక్సిల్ రాడ్లు లాగి చూశాడు. రెండూ నిక్షేపంగా ఉన్నాయి.

"గోతుల్లో దూకితే ముందు ఈ రాడ్లే విరగాలండీ," అంటూ మధ్యలో హౌసింగ్ విప్పాడు. పెద్ద పళ్లచక్రం బాగానే ఉంది. దాని లోపలి చిన్న చక్రాలు మాడి నల్లబడి, పళ్లు రాలిపోయాయి. "ఇవి బండి మలుపు తిరిగేటప్పుడే తిరుగుతాయి. ఒక చక్రం నేలమీద ఆగి, రెండోది గాల్లో గంటల తరబడి తిరిగితేగానీ ఇలా మాడవు. ఏం చేయించారేంటి దీంతో?"

వెంకటప్పయ్య గొంతు తగ్గింది. "కరెంటు లేక నారుమడి ఎండిపోతుంటే... జాకీ మీద చక్రం లేపి, బెల్టు కట్టి పంపు తిప్పించాను."

"ఎద్దుకి కట్టుంటే కొమ్ము విసిరేదండీ! జీపు గనక ఊరుకుంది."

వెనకాల మాడు వాసన వస్తోందని, ఆపేద్దామని శౌరయ్య అప్పుడే చెప్పాడు. పని ఎగ్గొట్టే ఎత్తు అనుకున్నాడు వెంకటప్పయ్య.

బండి బాగయ్యాక తనే తోలుకుంటూ మైలవరం వెళ్లాడు. శౌరయ్య అక్కడ అత్తవారింట్లో ఉంటున్నాడు. అతని భార్య తెరేసమ్మ మంచం వాల్చింది.

"తప్పు నాదే శౌరయ్యా. నీ చేతిలో ఉన్నన్నాళ్లూ నాకు జీపు గొడవే తెలియదు. రా, పోదాం."

"తిట్టింది సెంటర్లోనండీ. ఒప్పుకుంటోంది నా వాకిట్లో."

"ఊరుకోవయ్యా, పెద్దాయన ఇంత దూరం వచ్చారు," అంది తెరేసమ్మ.

"వచ్చారు. ఎవరూ చూడని చోటికి."

అయితే పద, సెంటర్లోనే చెబుతాను అనే మాట వెంకటప్పయ్య నోటిదాకా వచ్చింది. అంతలో తన మాట మీద ఎరువు పట్టుకెళ్లే రైతులు, నవ్వడానికి కాచుకుని ఉండే ఎదుటి కొట్టు బసవపున్నయ్య కళ్లముందు మెదిలారు. ఒక పక్క పరువు, ఒక పక్క మనిషి. కొట్లో కూర్చున్నట్టే తూచడం మొదలుపెట్టాడు. తూకం తేలేలోపు శౌరయ్య చూపు తిప్పుకున్నాడు.

"పొద్దుండగానే బయల్దేరండి అయ్యగారూ. మలుపుల్లో నెమ్మదిగా పోనివ్వండి, కొత్త పళ్లు," అని లోపలికి వెళ్లాడు.

కొండపల్లి దాటాక వెంకటప్పయ్య నోటిదాకా వచ్చి ఆగిన ఆ మాట పైకే అన్నాడు. పక్క సీట్లో ఎవరూ లేరు.