గిన్నెల మీద తీగలు

ఉప్పు డబ్బా మూత మీద సన్నటి నల్ల తీగ కనిపించిన రోజున కోడలు పెద్దగా పట్టించుకోలేదు. అత్తగారు మాత్రం "చీమలు పట్టాయే!" అంటూ తడిగుడ్డతో తుడిచింది. చీమలు కదల్లేదు. పీచు పెట్టి బరబరా తోమితే గానీ పోలేదు.

రెండు రోజులకు తెల్ల పింగాణీ కప్పు మీద మూడు ఆకులు వెలిశాయి. ఆ తర్వాత గరిటె కాడకు సుడులు. ఇక కోడలికి ఆరాటం పట్టుకుంది. ఆమె పనిచేసేది రంగుల దుకాణంలో. కప్పును కిటికీ దగ్గర పట్టుకుని గోటితో గీకి చూసింది. పొడిగా రాలింది. సిరా కాదు, గోడలకు వేసే నీళ్ళ రంగు.

భర్తని అడిగితే, "నేను సున్నా చుడితే కోడిగుడ్డంటారు, నన్నా అడుగుతున్నావు?" అని నవ్వేశాడు. అత్తగారికి గిన్నె మీద మరక పడితేనే ప్రాణం మీదికొస్తుంది. ఇక మిగిలింది మామగారు. ఉద్యోగం నుంచి రిటైరై ఐదు నెలలైంది. ఆయన నోట్లోంచి మాట ఊడిపడటమే గగనం. ఆయనా? నమ్మబుద్ధి కాలేదు.

ఓ రోజు దుకాణంలో కరెంటు పోయి, మధ్యాహ్నానికే ఇల్లు చేరింది. అత్తగారు కునుకు తీస్తోంది. పెరటి గుమ్మంలో మామగారు బోర్లించిన పళ్ళెం మీదికి వంగి, ఊపిరి బిగబట్టి కుంచె కదుపుతున్నారు.

"మామయ్యగారూ!"

ఆయన కుంచె వెనక దాచుకున్నారు. చెవులు ఎర్రబడ్డాయి. "మీ అత్తయ్యకు చెప్పకమ్మా."

"చెప్పను గానీ, ఎందుకిలా గీస్తున్నారో చెప్పండి."

"ముప్పై రెండేళ్ళు రోడ్ల మీద తెల్లగీతలు వేశాను కదా. వేలెడు పక్కకు జరిగితే మేస్త్రీ చెరిపించి మళ్ళీ వేయించేవాడు. చెయ్యేమో వంపు తిరుగుతానని ఒకటే గుంజేది. దాన్ని వదిలేస్తే ఎక్కడికి పోతుందో చూద్దామనిపించింది."

"ఎక్కడికి పోయింది?"

"అదే తమాషా. ఆకు అనుకుని మొదలుపెడితే చేప అవుతోంది."

కోడలు పళ్ళెం వంక చూసింది. నిజమే, ఆకు ఈనె చివర తోక మొలిచింది. "ఈ రంగు తోమితే నిలవదు మామయ్యగారూ. రేపు ఎనామెల్ తెస్తాను. తినే వైపు మాత్రం వెయ్యకండి."

"అయితే ఆ చీమలు మీరేనన్నమాట!"

వెనకే అత్తగారు. ఆవిడ పళ్ళెం లాక్కుని అటూ ఇటూ తిప్పింది.

"ఇది చేపా?"

"అనుకుంటా."

"మరి కన్నేదీ?"

"ఇంకా పెట్టలేదు."

ఆవిడ విసవిసా లోపలికి వెళ్ళి సొట్టపడ్డ స్టీలు బిందె తెచ్చి ఆయన ముందు పెట్టింది. "రేపు ఆ రంగేదో వచ్చాక దీనికి వెయ్యండి. సొట్ట కనపడకూడదు."

మర్నాడు సాయంత్రం ముగ్గురూ బిందె చుట్టూ చేరారు. మామగారు సొట్ట దగ్గర మొదలుపెట్టారు. రోడ్డయితే ఎక్కడో ఆగుతుంది. బిందె మీద గీత తిరిగి తిరిగి తన దగ్గరికే రావాలి. వచ్చింది గానీ, మొదలుపెట్టినచోటికి వేలెడు పైన తేలింది.

"తప్పిందా?" అంది అత్తగారు.

ఆయన రెండు కొసల వంకా చూశారు. కళ్ళు మెరిశాయి. "ఆగవే. ఇప్పుడిది కిందికి దిగుతుందో, ఇంకో చుట్టు పోతుందో చూడాలి."

ఆవిడ రంగు అంటని చోట పట్టుకుని బిందెను మెల్లగా తిప్పసాగింది.