రాయి మీద కింది సగం

రాసిచ్చింది చెక్కడం నా పని. పెళ్ళాన్ని రోజూ కొట్టినవాడి సమాధి మీద ‘ప్రేమమూర్తి’ అని చెక్కాను. తల్లిని గొడ్ల సావిట్లో పడుకోబెట్టిన కొడుకులు ‘నీ ఒడి మరువలేము అమ్మా’ అని రాసిచ్చారు. అదీ చెక్కాను. కంకిపాడు దాటాక బందరు రోడ్డు పక్కన నా రాళ్ళ కొట్టు ఉంది. సమాధి రాళ్ళు, శంకుస్థాపన ఫలకాలు, చర్చిలకీ గుళ్ళకీ దాతల పేర్లు చెక్కుతాను. మా ఊరి మిషన్ బడిలో నేర్పిన అక్షరాలతోనే ఇంతవరకూ బతికాను.

విజయవాడలో నా భార్య సంపూర్ణమ్మ చనిపోయిన ఆసుపత్రికి ప్రారంభ ఫలకం చెక్కింది కూడా నేనే. దాని అడుగున ‘మీ ప్రాణం మా బాధ్యత’ అని ఉంటుంది. రాసిచ్చింది వాళ్ళు. బంగారు రంగు నింపింది నేను.

ఆ రోజు పొద్దున సంపూర్ణమ్మ గోంగూర ఒలుస్తూ పక్కకి ఒరిగింది. నోరు వంకరపోయింది. కుడి చెయ్యి లేవలేదు. ఆటోలో వేసుకుని వెళ్ళాను. నేను ఆలస్యం చెయ్యలేదు. వాళ్ళూ వెంటనే తలకి స్కాన్ తీశారు. అంతవరకూ ఎవరినీ ఏమీ అనను.

తలలో నెత్తురు గడ్డకట్టిందా, నరం చిట్లి కారుతోందా అన్నది స్కాన్ చూస్తే గాని తెలియదట. గడ్డయితే కరిగించే సూది ఉంది, అదీ మొదటి కొన్ని గంటల్లోనే వెయ్యాలి. కారుతుంటే అదే సూది చంపేస్తుంది. చూసి చెప్పవలసిన డాక్టరు రోడ్డుకి అవతల, పాత బిల్డింగులో ఉంటారు. బొమ్మలు కంప్యూటర్లో ఆయన దగ్గరికి వెళ్ళాలి. వెళ్ళలేదు.

“ఇంకా లోడ్ అవుతోందండీ” అన్నారు. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే అన్నారు. గాజు తలుపు వెనక స్క్రీను మీద ఒక చక్రం తిరుగుతోంది. నలుగురు దాని వంక చూస్తూ నిలబడ్డారు. ఒక మనిషి రోడ్డు దాటి పరుగెత్తి డాక్టరుని పిలుచుకొస్తే సరిపోయేది. ఎవరూ పరుగెత్తలేదు. ఆయన ఎక్కడున్నాడో నాకు చెప్పలేదు. చెబితే నేను పరుగెత్తేవాణ్ణి. చక్రం ఆగేసరికి సూది వేసే వేళ దాటిపోయిందన్నారు. మర్నాడు ఆమె పోయింది.

ఆ చక్రం ఎందుకు తిరిగిందో నాకు చెప్పింది ఫిన్నీ. అతనిది కొండపల్లి. ఆ ఆసుపత్రిలో కంప్యూటర్లు చూస్తాడు. వాళ్ళ నాన్న సమాధి రాయి నా దగ్గరే చేయించాడు. సంపూర్ణమ్మ ఆత్మశాంతికి చర్చిలో పూజ పెట్టించిన రోజున వచ్చాడు. భోజనాలయ్యాక చెయ్యి కడుక్కుంటూ నా పక్కన నిలబడ్డాడు.

“బాబాయ్, ఒక మాట చెబుతా. నా పేరు మాత్రం బయటికి రానీకు.”

“చెప్పు.”

“స్కాన్ బొమ్మలన్నీ సర్వర్ అని ఒక పెద్ద కంప్యూటర్లో ఉంటాయి. అందులోంచి బయటికి వచ్చే దారి ఒక చిన్న కార్డు. మా దాంట్లో ఉన్నది పాతది. పొద్దునపూట వార్డులన్నీ ఒకేసారి బొమ్మలడుగుతాయి. అంతా ఆ ఒక్క సందులోంచే రావాలి.”

“కొత్తది పెట్టొచ్చుగా?”

“నేనడిగా. స్కాన్ డాక్టరుగారూ అడిగారు. వచ్చే ఏడు చూద్దాం అంటారు. గేటు దగ్గర ఫౌంటెన్ కట్టారు, చూశావా?”

చూశాను. రంగు దీపాల మధ్య నీళ్ళు ఎగురుతున్నాయి. నా భార్యని ఆ నీళ్ళ పక్కనుంచే బయటికి తెచ్చాను.

ఏ కార్డు కావాలో ఫిన్నీ చేత రాయించుకుని గవర్నర్‌పేట వెళ్ళాను. కంప్యూటర్ సామాన్ల కొట్టువాడి పేరు చక్రి. నా పంచె వంక, చేతుల మీది రాతిపిండి వంక చూశాడు.

“ఏ కంపెనీకండీ?”

“మాది సమాధి రాళ్ళ కొట్టు.”

“దానికెందుకండీ ఇంత స్పీడు? ఇది మామూలుదానికి పది రెట్లు.”

“మా గిరాకీకి తొందర లేదయ్యా. ఆసుపత్రికి కావాలి.”

అతను నవ్వబోయి ఆపుకున్నాడు. డబ్బా తెచ్చి ఇచ్చాడు. అరచేతిలో పట్టే ఆకుపచ్చ బిళ్ళ. దాని వెనక రెండు చదరపు నోళ్ళు. ఇంతే. ఇది లేకే బొమ్మ ఆగింది.

ఆసుపత్రి పరిపాలన చూసే తిరుపతిరావు గారిని కలిశాను. కుర్చీ చూపించి కాఫీ తెప్పించాడు. డబ్బా చూసి చాలా సంతోషించాడు.

“ఎంత మంచి మనసండీ మీది! శాలువా కప్పి సన్మానం చేస్తాం. అమ్మగారి పేరు మీద ఒక ఫలకం కూడా పెడదాం.”

“ఫలకం నేనే చెక్కుకొస్తానండీ. స్కాన్ గది ముందు గోడకి పెట్టాలి. పెట్టాక కార్డు బిగించుకోండి.”

“అంతకంటేనా!”

మాటలు ఏమిటని ఆయన అడగలేదు. జ్ఞాపకార్థం అని ఉంటుందనుకున్నాడు. అందరూ అదే రాయిస్తారు. ఫ్యానుల రెక్కల మీద, బల్లల మీద, నీళ్ళ కుళాయిల మీద అదే ఉంటుంది.

నల్ల రాయి తీసుకున్నాను. మొదటిసారి నా మాటలు చెక్కాను.

‘స్కాన్ తీశారు. బొమ్మ డాక్టరుకి చేరలేదు. బాలశౌరి భార్య సంపూర్ణమ్మ చనిపోయింది. చేర్చే కార్డు కావాలని అడిగితే కొనలేదు.’

రాయి పై సగంలో అవి సరిపోయాయి. కింది సగం ఊరికే నున్నగా వదిలాను. అది చేతికి పట్టిన అలవాటు. పెళ్ళాం పోతే మొగుడి పేరుకి, మొగుడు పోతే పెళ్ళాం పేరుకి రాయి మీద సగం జాగా వదలడం మా పనిలో పద్ధతి.

ఆటోలో వేసుకుని తీసుకెళ్ళి తిరుపతిరావు గారి బల్ల మీద పెట్టాను. ఆయన చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు.

“ఇదేంటండీ బాలశౌరి గారూ?”

“ఫలకమండీ.”

“ఇది ఫలకమా? ఫిర్యాదు.”

“ఇందులో అబద్ధం ఏదో చూపించండి. చెరిపేస్తాను.”

“అడిగారని మీకెవరు చెప్పారు?”

“మీ మొహమే చెబుతోందండీ.”

ఆయన లేచి తలుపు మూశాడు. “చూడండి, మీ బాధ నాకు తెలుసు. కానీ రోజూ వందలమంది వచ్చే చోట ఇది పెడితే ఎవరైనా లోపలికి అడుగు పెడతారా? ఖర్చుల మీద సంతకం పెట్టేది నేనొక్కణ్ణే కాదు. చల్లని మాట ఏదైనా రాయండి. గోడ మధ్యలో పెట్టిస్తాను.”

“చల్లని మాటలు ఇంతకాలం అందరికీ చెక్కానండీ. నా ఇంటికొచ్చేసరికి అయిపోయినయ్.”

“అట్టయితే వద్దులెండి.”

“కార్డూ వద్దా?”

ఆయన వెళ్ళి తలుపు తెరిచి పట్టుకున్నాడు. రాయి మోసుకుని, డబ్బా చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చాను.

మాకు కృప ఒక్కతే కూతురు. నందిగామలో నర్సుగా పనిచేస్తుంది. ఆ ఆదివారం వచ్చి వంట చేసింది. కంచం ముందు పెట్టి అడిగింది.

“కార్డేది నాన్నా?”

“బీరువాలో ఉంది. మీ అమ్మ చీరల కింద.”

“అక్కడెందుకు?”

“రాయి గోడకి ఎక్కేదాకా అది కదలదు.”

“సరే. రేపు అక్కడికి ఎవరో ఒకావిడ వస్తుంది, మూతి వంకరపోయి. వాళ్ళాయన గాజు తలుపు దగ్గర నిలబడతాడు. ఆయనకేం చెబుతావు? రాయి సంగతి తేలలేదు, కాస్త ఆగమంటావా?”

“ఆ మాట వాళ్ళు చెప్పాలి.”

“వాళ్ళు ఫౌంటెన్ కట్టుకున్నారు. నువ్వు రాయి చెక్కుకున్నావు. కార్డు మాత్రం అప్పుడూ అందులో లేదు, ఇప్పుడూ లేదు. ఇంక తేడా ఏవుంది?”

నా కూతురు కాబట్టి అంత మాట అనగలిగింది. అన్నం తినకుండా లేచాను. తెల్లవారాక చీరల కింది నుంచి డబ్బా తీసి బస్సెక్కాను. క్షమించి కాదు. ఆ గాజు తలుపు దగ్గర నిలబడేవాడితో నాకు తగాదా లేదు.

“రాయి లేదు, ఏమీ లేదు. బిగించుకోండి” అన్నాను తిరుపతిరావు గారితో. “బిగించేటప్పుడు నేను చూడాలి. సన్మానం వద్దు. మా ఆవిడ పేరు ఎక్కడా రాయకూడదు.”

“మీ ఇష్టమండీ” అన్నాడు. ఊపిరి పీల్చుకున్నాడు.

ఓపీ మూసిన మధ్యాహ్నం ఫిన్నీ పని మొదలుపెట్టాడు. సర్వర్ ఉన్న గది చల్లగా ఉంది, రొద పెడుతోంది. కాసేపు బొమ్మలు రావని అన్ని వార్డులకీ చెప్పి దాన్ని ఆపాడు. ఇనప బీరువా లాంటి దాంట్లోంచి సొరుగులా బయటికి లాగి మూత తీశాడు. పాత కార్డు చూపించాడు. దాని మీద దుమ్ము మందంగా ఉంది.

కొత్త కార్డు లోపల పెట్టబోతే వెనక రేకు పొడవై మూత పడలేదు. ఫిన్నీ డబ్బా తిరగేస్తే పొట్టి రేకు ఇంకొకటి రాలింది. పొడుగు రేకు ఊడదీసి అది బిగించాడు. కార్డుని రెండు బొటనవేళ్ళతో నొక్కాడు. టక్కుమని కూర్చుంది. తీగ తగిలించి సర్వర్ వేశాడు.

కార్డు మీది దీపం వెలగలేదు.

“ఏంట్రా?”

“ఉండు బాబాయ్, కంగారు పెట్టకు.” తీగ రెండో కొసని అవతలి పెట్టెలో ఒక రంధ్రం నుంచి తీసి పక్క రంధ్రంలో పెట్టాడు. పచ్చ దీపం వెలిగింది.

కంప్యూటర్లో ఇంకేవో మార్చి, వార్డులకి ఫోను చేసి, నన్ను స్కాన్ గది దగ్గరికి తీసుకెళ్ళాడు. అప్పుడే ఒకతన్ని తెచ్చారు. ఉయ్యూరు దగ్గర ట్రాక్టర్ మీంచి పడ్డాడట. స్కాన్ తీశారు. అతన్ని ఇంకా స్ట్రెచర్ మీదకి మార్చుతుండగానే పాత బిల్డింగు నుంచి డాక్టరు ఫోను వచ్చింది. బొమ్మలన్నీ చూశానన్నాడు. తలలో ఏమీ లేదన్నాడు. గాజు తలుపు దగ్గర నిలబడ్డ అతని భార్య కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఫిన్నీ నా భుజం మీద చెయ్యి వేశాడు. నేను సంతోషిస్తాననుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఒక మూత, ఒక రేకు, నాలుగు స్క్రూలు, ఒక తీగ. కాఫీ తాగి వచ్చేంత పని. ఇంత తేలికా? కష్టమైన పని అయి ఉంటే ఎప్పుడైనా క్షమించేవాడినేమో. చేతకాక చెయ్యలేదనుకునేవాణ్ణి.

కిందికి దిగితే హాల్లో ఫ్లెక్సీ కట్టి ఉంది. ‘దాత బాలశౌరి గారికి కృతజ్ఞతలు. కీర్తిశేషులు సంపూర్ణమ్మ గారి జ్ఞాపకార్థం.’ తిరుపతిరావు గారు శాలువా పట్టుకుని నిలబడ్డాడు. ఫోటో తీసేవాడు ఉన్నాడు.

“వద్దన్నానుగా?”

“పెద్దవాళ్ళు చెయ్యమన్నారండీ. రెండు నిమిషాలు. కాస్త నవ్వండి.”

పక్కన నర్సు బల్ల మీద కత్తెర ఉంది. తీసుకున్నాను. ఫ్లెక్సీలోంచి సంపూర్ణమ్మ పేరు వరకు చతురస్రంగా కత్తిరించి, మడిచి జేబులో పెట్టుకున్నాను. పేరు ఉన్న చోట కన్నంలోంచి బయటి ఫౌంటెన్ కనబడింది. ఫోటో తీసేవాడు అది కూడా తీశాడు.

“ఇదేం పద్ధతండీ?” అన్నాడు తిరుపతిరావు.

“ఆవిడని మీకు ఒకసారి అప్పగించాను. చాలు.”

రాయిని నేను పారెయ్యలేదు. మా ఊరి సమాధుల తోటలో సంపూర్ణమ్మ తలవైపు నిలబెట్టాను. అక్కడికి ఏ ఆసుపత్రి సంతకమూ అక్కర్లేదు. నవంబరులో సమాధుల పండుగ వచ్చింది. జనం సున్నాలు వేసుకుని, పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించుకుంటూ వరసలో వచ్చారు. నా రాయి దగ్గర ఆగారు. పైకి చదివారు. చదువురానివాళ్ళకి పక్కవాళ్ళు చదివి పెట్టారు. ఆసుపత్రి పేరు దాని మీద లేదు. ఎవరూ ఏ ఆసుపత్రి అని అడగలేదు. ఫోన్లలో ఫోటోలు తీసుకున్నారు.

ఆ వారంలోనే నా కొట్టు ముందు కారు ఆగింది. తిరుపతిరావు గారు దిగాడు. రాతిపిండి అంటకుండా ప్యాంటు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

“కార్డు బ్రహ్మాండంగా పనిచేస్తోందండీ. మీ పుణ్యం.”

“తెలుసు.”

“మరింక ఆ రాయెందుకండీ? ఫోటో ఊరంతా తిరుగుతోంది. మా వాళ్ళు కేసంటున్నారు. నేనే ఆపాను.”

“ఎందుకు ఆపారు? వెయ్యమనండి. అడిగారా లేదా, కొన్నారా లేదా, అక్కడ చెబుదురుగాని.”

ఆయన దుమ్ముపట్టిన బల్ల మీదే కూర్చున్నాడు. “ఏం చేస్తే మీరు శాంతిస్తారో చెప్పండి.”

“రాయి చూశారా? కింద సగం ఖాళీగా ఉంది.”

“చూశాను. మీ కోసం వదిలారనుకున్నా.”

“నా కోసమే. మీకిచ్చేశాను. ‘అడిగారు, మేము కొనలేదు’ అని రాసి కింద ఆసుపత్రి పేరు పెట్టి ఇవ్వండి. చెక్కి బంగారు రంగు నింపుతాను. కూలి తీసుకోను.”

“అట్టా రాసిస్తే మేమేమైపోవాలండీ?”

“ఏమీ కారు. బతుకుతారు. నేను బతకట్లా?”

ఆయన లేచి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. కేసూ వెయ్యలేదు.

మొన్న కృప సమాధి తుడుస్తూ అడిగింది. “వాళ్ళు రాసివ్వరు నాన్నా. రేపు నీ పేరు ఎక్కడ చెక్కించాలి?”

“నాకు రాయి వద్దు. మట్టి కప్పించు” అన్నాను. “ఆ జాగా ముట్టుకోనివ్వకు. అది వాళ్ళది.”