నీలం గీత కప్పు

సువార్త మేడం బల్లను నలుగురు ఎత్తి వరండాలో పడేస్తుంటే క్యాంటీన్ మల్లేశ్వరరావు పొయ్యి దగ్గర నిలబడి చూశాడు. బల్ల వెనకాల కుర్చీ వచ్చింది. కుర్చీ వెనకాల, ఊరూరూ తిరిగి ఆవిడ రాసుకొచ్చిన కాగితాల కట్టలు వచ్చాయి. వడగాలికి కట్టలు విడిపోయి కాగితాలు కానుగ చెట్ల కిందికి ఎగిరిపోతుంటే విద్యార్థులు పరిగెత్తి ఏరుతున్నారు. ఆవిడ మాత్రం కదల్లేదు. చేతిసంచి గుండెకు హత్తుకుని, తన గది తలుపుకు కొత్త తాళం పడడం చూస్తోంది.

తాళం వేయించిన శాఖాధిపతి హరిబాబు గారు మెడ తుడుచుకుని క్యాంటీన్ వైపు తిరిగారు.

"మల్లేశ్వర్రావ్, మా గదికి టీలు పంపించవయ్యా."

మల్లేశ్వరరావు టీ కాచాడు. అడిగినవాడికి సరుకు ఇవ్వడం తన పని. ఏం చేసొచ్చి తాగుతున్నారని అడగడం కాదు. తునిలో నాన్న కిరాణా కొట్టు నాటినుంచీ అతను నేర్చుకున్నది అదొక్కటే. ఎవరితో తగువు పడితే ఎంత పోతుందో ముందే చూసుకోవాలి.

టీలు మోసే ముసలి బుల్లియ్య ట్రేలో తెల్ల కప్పులు సర్దుతూ ఆగాడు.

"నీలం గీత కప్పు కూడా పెట్టమంటారా అండీ?"

"ఆవిడకి గదే లేకుండా చేశారు. ఇంక టీ ఎక్కడికి పంపుతావు? లోపల పెట్టెయ్."

సువార్త మేడం ఉద్యోగంలో చేరిన కొత్తలో హరిబాబు గారు క్యాంటీన్‌కు వచ్చి, గొంతు తగ్గించి, "ఆవిడకి విడిగా చూడవయ్యా. మిగతావాళ్ళకి ఇబ్బంది" అన్నారు. ఇంతకు మించి ఏమీ చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. సామానులో అంచున నీలం గీత ఉన్న కప్పు ఒకటి కలిసి వచ్చింది. అది ఆవిడదైపోయింది. బుల్లియ్య దాన్ని బయట కుళాయి దగ్గర కడిగి వేరే గూట్లో బోర్లించేవాడు. దానివల్ల మల్లేశ్వరరావుకు ఖర్చేమీ లేదు. ఖర్చు లేని పనిని గురించి అతను ఎప్పుడూ రెండోసారి ఆలోచించలేదు.

అది తొంభై తొమ్మిది వేసవి. రాజమండ్రి శివార్లలోని ఆ పీజీ సెంటర్లో సువార్త ఒక్కతే దళితపేట నుంచి వచ్చిన లెక్చరర్. మొగల్తూరు దగ్గర కూలి చేసే కుటుంబం వాళ్ళది. తన విద్యార్థుల్ని వెంటబెట్టుకుని గోదావరికి రెండు వైపులా ఊళ్ళ టీ హోటళ్ళు తిరిగింది. ఊరివాళ్ళకు బల్ల మీద స్టీలు గ్లాసు. పేటవాళ్ళకు తాటాకు చూరులో దోపిన గాజు గ్లాసు. తాగినవాడే కడిగి మళ్ళీ చూరులో దోపాలి. ఎక్కడ ఎలా జరుగుతోందో ఊరి పేర్లతో సహా నివేదిక రాసింది. ఆ ఊళ్ళలో సగం తోటలు, హోటళ్ళు అమ్మిరాజు గారివి. ఆయనే యూనివర్సిటీ పాలకమండలి సభ్యుడు. నివేదిక అబద్ధమని విచారణ కమిటీ వేయించాడు. కమిటీ కూడా అబద్ధమంటే, ఇంకా ఖాయం కాని సువార్త ఉద్యోగం పోతుంది, పరిశోధన మూతపడుతుంది.

ఆ సాయంత్రమే విద్యార్థులు క్యాంటీన్ పాకలో కూడారు. స్వీపర్లు, అటెండర్లు, హాస్టల్ వంటమనుషులు కూడా వచ్చారు. సువార్త దగ్గర పరిశోధన చేస్తున్న పూజిత బెంచీ ఎక్కింది.

"మేడం ఉద్యోగం నిలబడితేనే మన పరిశోధన నిలబడుతుంది. రేపట్నుంచి ఆవిడ పాఠం చెట్టు కింద. కాగితాలు హాస్టల్లో మనమే కాపాడుకోవాలి. బస్టాపు నుంచి ఆవిడ ఒంటరిగా నడవకూడదు."

"నడవనివ్వంలే," అంది హాస్టల్లో వంట చేసే శ్యామలాంబ. "నంబర్లేని మోటారుసైకిళ్ళు గేటు ముందు తిరుగుతున్నాయి, చూశారా? మేం ఆడాళ్ళం చుట్టూ ఉంటాం. అది సరే గానీ, విచారణ అంటే ఏంటమ్మా? తీర్పు ముందే రాసేసుకుని మనకి కబురెట్టడమేగా?"

"ఊళ్ళ నుంచి సాక్షులు వస్తున్నారు."

"రానిస్తే కదా! మా అన్నయ్య కొడుకు రావులపాలెంలో అరటి గెలలు మోస్తాడు. మేడం గారికి ఏం వాగావురా అని నిలదీసి పనిలోంచి ఆపేశారు. వాడితో పాటు వాడి వీధి మొత్తాన్ని."

గేటు బయట మోటారుసైకిలు ఒకటి మెల్లగా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చింది.

పూజిత మల్లేశ్వరరావును అడిగింది. "బాబాయ్ గారూ, మీరు ఎవరి పక్షం?"

"నేను టీ పక్షం అమ్మా. రెండు పక్షాలూ తాగుతాయి."

కొందరు నవ్వారు. పూజిత నవ్వలేదు.

మర్నాడు అమ్మిరాజు గారు గెస్ట్ హౌసుకు పిలిపించారు. కూర్చోమన్నారు. మల్లేశ్వరరావు లాంటివాణ్ని ఆయన కూర్చోమనడం అదే మొదటిసారి. అందుకే భయం వేసింది.

"క్యాంటీన్ గడువు ఈ నెలతో అయిపోతోందటగా? నువ్వే ఉండు, ఎవరొద్దన్నారు. కమిటీ నిన్ను అడుగుతుంది. జిల్లా తిరిగిన వ్యాపారస్తుడివి. అలాంటి ఆచారం ఎక్కడా చూడలేదని చెప్పు."

"అలాగేనండి."

"మీటింగులు నీ దగ్గరే పెడుతున్నారట." ఆయన నవ్వారు. "పాకలకి ఈ ఎండల్లో ఊరికే అంటుకుంటుందయ్యా. జాగ్రత్త."

బయటికొచ్చాక అతను లాభనష్టాలు చూసుకున్నాడు. ఒక్క మాట అంటే క్యాంటీన్ ఉంటుంది. అనకపోతే పాక కూడా ఉండదు. ఇందులో ఆలోచించడానికి ఏముంది?

విచారణ రోజున గేటు దగ్గర పోలీసుల్ని పెట్టారు. ఊళ్ళ నుంచి వస్తున్న సాక్షుల వ్యానును వంతెన దగ్గరే ఆపి వెనక్కి తిప్పేశారని తెలిసింది. సెమినార్ హాల్లో పొడుగాటి బల్లకు ఒక వైపు అమ్మిరాజు, హరిబాబు, మధ్యలో బయటి జిల్లా నుంచి వచ్చిన రిటైర్డ్ జడ్జి. ఆయన పక్క కుర్చీలో సువార్త. కిటికీల అవతల విద్యార్థులు, పనివాళ్ళు ఊచలు పట్టుకుని నిలబడ్డారు.

"ఎక్కడైనా రెండు రకాల గ్లాసులు చూశారా?" అని జడ్జి మల్లేశ్వరరావును అడిగారు.

"లేదండి. టీ అమ్ముకునేవాడికి అందరూ ఒక్కటేనండి."

అమ్మిరాజు తృప్తిగా కళ్ళు మూసి తెరిచాడు. కిటికీ దగ్గర పూజిత ఊచలు వదిలేసింది.

సరిగ్గా అప్పుడే బుల్లియ్య ట్రేతో వచ్చాడు. రోజూ చేసినట్టే ఒక్కొక్కరి ముందు తెల్ల కప్పు పెట్టుకుంటూ వచ్చాడు. సువార్త ముందు నీలం గీత కప్పు పెట్టాడు. అది పెట్టింది ముసలాయన బుద్ధి కాదు, ఏళ్ళ తరబడి తిరిగిన చెయ్యి.

సువార్త కప్పును చూసింది. తరువాత దాన్ని మెల్లగా జడ్జి వైపు జరిపింది.

"ఇది తీసుకోండి సార్. మీరు ఎండలో పడి వచ్చారు. నేను తాగను."

జడ్జి మర్యాదగా చెయ్యి చాపారు.

"అయ్యో, అది వద్దండీ!" హరిబాబు గారు కుర్చీలోంచి లేచి మరీ అడ్డం పడ్డారు. "అది ఆవిడ కప్పు!"

టీ తొణికి నివేదిక మీద పడింది.

"ఆవిడ కప్పు అంటే ఏంటి?" అన్నారు జడ్జి.

అమ్మిరాజు మల్లేశ్వరరావునే చూస్తున్నాడు. మల్లేశ్వరరావు లెక్క చూసుకున్నాడు. లేదు అని ఇప్పుడే తను చెప్పిన సరుకు అందరి కళ్ళ ముందూ బల్ల మీద ఉంది. ఇంకా లేదంటే తన మాటను ఎవరూ నమ్మరు, తనతో సహా.

"విడి కప్పండీ అది," అన్నాడు. "ఆవిడ ఏ కులమో తెలిశాక పెట్టాం. హరిబాబు గారు చెప్పారు, నేను తీశాను, బుల్లియ్య బయట కడిగాడు. ఊళ్ళలోవి కూడా నిజమేనండి. ఇందాక నేను చెప్పింది అబద్ధం."

కిటికీలు హోరెత్తాయి. జడ్జి చాపిన చెయ్యి ఇంకా బల్ల మీదే ఉంది. కప్పుకు బెత్తెడు దూరంలో. ఆయన ఆ చెయ్యిని మెల్లగా వెనక్కి తీసుకుని రుమాలుతో తుడుచుకున్నారు. టీ చుక్క పడని చెయ్యి అది.

"ఈ సంగతి విచారణ పరిధిలోకి రాదు," అన్నారు.

సాయంత్రానికి నోటీసు బోర్డు మీద తీర్పు అంటించారు. నివేదికకు ఆధారాలు లేవు. సువార్త ఉద్యోగం ఖాయం చేయడం లేదు. క్యాంటీన్ వెంటనే ఖాళీ చేయాలి.

క్యాంటీన్లో తోసుకుంటూ జనం. ఒక విద్యార్థి నీలం గీత కప్పు పైకెత్తాడు. "పగలగొట్టండి దీన్ని!"

"మీకు ముందే తెలుసా మేడం?" పూజిత కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "తెలిసి, రోజూ అందులోనే తాగారా?"

"మొదటి రోజే తెలుసు," అంది సువార్త. "ముందు ఉద్యోగం ఖాయం కావాలి, ముందు ఊళ్ళ పని పూర్తి కావాలి అనుకున్నాను. ఇక్కడి సంగతి తరవాత చూద్దాం అనుకున్నాను. నేను ఓర్చుకుంటే మీ చదువులు సాగుతాయనుకున్నాను. ఓర్చుకుంటే ఏం మిగిలిందో చూశారుగా."

"చెయ్యి దానంతటదే పోయిందమ్మా," అని బుల్లియ్య ఆవిడ ముందు కూలబడ్డాడు.

"పోనీ బుల్లియ్యా. ఆ చెయ్యే గదా నిజం చెప్పింది."

"పగలగొట్టండి!" అని మళ్ళీ కేకలు.

"ఆగండయ్యా!" మల్లేశ్వరరావు బల్ల మీద చరిచాడు. "ఒకటి పగలగొడితే బజార్లో ఇంకోటి కొంటారు. వేరుగా కనపడితేనే గదా వేరు చేసేది. సరుకంతా ఒకే మార్కు అయితే ఏరుకోవడానికేముంటుంది? రంగు తీసుకురండి."

అందరూ అతన్ని చూశారు. శ్యామలాంబ ముందుగా తేరుకుంది.

"ఇప్పుడు ఏ పక్షమండీ తమరు?"

"పాక ఎలాగూ తగలెడతారు. తగలెట్టేలోపు ఒక్కపూటైనా నా ఇష్టప్రకారం టీ అమ్ముకోనివ్వండి."

బోర్డులు రాసే అటెండర్ నీలం పెయింట్ తెచ్చాడు. వెలుతురు ఉండగానే స్వీపర్లు, విద్యార్థులు, వంటమనుషులు వరసగా కూర్చుని క్యాంటీన్లో ఉన్న ప్రతి కప్పుకూ నీలం గీత గీశారు.

తెల్లవారాక బుల్లియ్య ట్రే ఎత్తుకుని గది గదికీ తిరిగాడు. కొందరు లెక్చరర్లు తల దించుకుని తాగారు. ఇద్దరు బయటికొచ్చి సువార్త పక్కన చెట్టు కింద కూర్చున్నారు. హరిబాబు గారు మాత్రం అరిచారు.

"తెల్ల కప్పులో తీసుకురా!"

"తెల్లవి లేవండి," అన్నాడు బుల్లియ్య. "తాగితే దీంట్లోనే తాగాలండి."

కాసేపట్లో పోలీసు వ్యాన్లు వచ్చాయి. సువార్తని, పూజితని, మల్లేశ్వరరావుని ఎక్కించారు. శ్యామలాంబ వ్యాను ముందు అడ్డం పడుకుంటే జుట్టు పట్టి లాగేశారు. వ్యాను గేటు దాటుతుంటే వెనక పొగ లేచింది. మల్లేశ్వరరావు చూశాడు. పాక. అమ్మిరాజు మాట తప్పని మనిషి.

బెయిలు మీద బయటికి వచ్చేసరికి స్టేషన్ ముందు శ్యామలాంబ నిలబడి ఉంది. "రావులపాలెం వెళ్ళాలండి. మన నీలం గీతల సంగతి విని మావాళ్ళు రమ్మన్నారు," అంది.

మార్కెట్ ఎదుట టీ హోటల్ చూరులో గ్లాసుల్లేవు. తీసి బల్ల మీద స్టీలు గ్లాసుల మధ్య పెట్టారు. అన్నిటికీ నీలం గీత. హోటల్ యజమాని తాళం వేసి పోయాడు. మోత కూలీలు, పేటవాళ్ళు, వాళ్ళతో పాటు వేరే కులాలవాళ్ళు కూడా రోడ్డు వారన కూర్చున్నారు. లారీలు ఖాళీగా ఉన్నాయి. అమ్మిరాజు తోటల గెలలు ఎండలో గుట్టలుగా పడి ఉన్నాయి.

"అందరికీ ఒకే గ్లాసు పెట్టేదాకా గెల ముట్టుకోమని పనిలో ఉన్నవాళ్ళు కూడా చెప్పేశారు మేడం గారూ," అన్నాడు శ్యామలాంబ అన్న కొడుకు. "మీరు రాసింది అబద్ధమంట కదా. మళ్ళీ రాయండి. ఈసారి మా పేర్లు కూడా రాయండి."

మల్లేశ్వరరావు ఒక గెల దగ్గరకి వెళ్ళి కాయ నొక్కి చూశాడు. పచ్చితనం పోతోంది. బియ్యం ఆగుతుంది, బెల్లం ఆగుతుంది, అరటి ఆగదు. జీవితంలో మొదటిసారి అతనికి లెక్క కూలీల వైపు నుంచి కనపడింది.

దూరంగా హైవే మీద మోటారుసైకిళ్ళ చప్పుడు మొదలైంది. ఒకటి కాదు, చాలా. చప్పుడు దగ్గర పడుతోంది.

మల్లేశ్వరరావు పంచె ఎగగట్టి, సువార్త మేడం పక్కన, గెలల గుట్టకు అడ్డంగా కూర్చున్నాడు. కూర్చున్నవాళ్ళలో ఒక్కరూ లేవలేదు.